సారె ముందు కూచున్న రోజు

మా త్వాయ్ నోట్లో నువ్వుగింజ నానదు. హోయ్ ఆన్ రేవులో పడవ ఎక్కింది మొదలు దిగేదాకా మాట్లాడుతూనే ఉంటాడు. అదే వాడి ఉద్యోగం. ఊళ్లు చూడటానికి వచ్చినవాళ్లను తూ బోన్ నది మీద తిప్పి, వడ్రంగుల ఊరు, చాపల ఊరు, చివరికి మా కుమ్మరుల ఊరు తాన్ హా చూపిస్తాడు. వరసకు నాకు మేనల్లుడు. చిన్నప్పుడు మా వాకిట్లో ఎండబెట్టిన మట్టి ఈలలు ఎత్తుకుపోయి తన్నులు తిన్నవాడే. ఇప్పుడు మెడలో గుర్తింపు కార్డు, చేతిలో మైకు.

ఆ రోజు పొద్దున్నే బజారులో ఈలల గంప దింపేసి ఇంటికి నడిచి వస్తుంటే రేవు దగ్గర పట్టుకున్నాడు.

"అత్తా, ఎండలో ఏం నడుస్తావ్, ఎక్కు. ఎటూ మీ ఇంటికే వస్తున్నాం."

"ఎక్కుతాను కానీ నీ ఉపన్యాసం కూడా వినాలా?"

"వింటే పుణ్యం. నేను రోజూ మీ ఇంటి గురించే చెప్తున్నా, నువ్వు ఒక్కసారైనా విన్నావా?"

అదీ నిజమే. వాడు మా ఇంటికి జనాన్ని తేవడం రోజూ చూస్తాను గానీ, దారిలో ఏం చెప్పి తెస్తాడో నాకు తెలియదు. ఎక్కి చివర్లో కూచున్నాను.

పడవ నిండా ఉత్తరాది ఆడవాళ్లు. నామ్ దిన్ బట్టల మిల్లులో పనిచేసి రిటైరయినవాళ్లట. అందరివీ ఒకే రకం ఊదారంగు టోపీలు. వాళ్లకు పెద్ద ఖ్వే అనే ఆవిడ. పొట్టిమనిషి, గొంతు మాత్రం మగ్గాల హోరు మీద అరిచి అరిచి గట్టిపడింది. మా యాస వాళ్లకు సగమే తెలుస్తుంది. అందుకని ఆవిడ నన్ను ప్రతిదీ రెండుసార్లు అడిగింది, నేను రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాను. అలా మేమిద్దరం పడవ కదిలేలోపే స్నేహితులమయ్యాం.

నేను పుట్టినప్పటి నుంచీ ఒళ్లు కడుక్కునే నదిని ఆ రోజు త్వాయ్ మాటల్లో చూస్తే నాకే కొత్తగా ఉంది. నీళ్లలో నిలబడ్డ గేదెను చూపించి ఏదో చెప్పాడు, అందరూ ఫోన్లు తీశారు. నీళ్లలో పెరిగే పొట్టి తాటి పొదలు, వాటి వెనక మొక్కజొన్న చేలు, ఆ పైన మబ్బులో మునిగిన కొండలు. బాగుంది, ఎందుకు కాదనాలి. మలుపు దగ్గర నీళ్లలో వెదురు స్తంభాల మీద పెద్ద వల వేలాడుతోంది, దాని పక్క గుడిసెలో ఒక మగమనిషి కాళ్లు చాపుకుని కూచున్నాడు.

"ఈ పెద్దాయన తెల్లవారకముందు నుంచీ నదితో మాట్లాడుతూ ఉంటాడు. నది ఆయనకు జవాబు చెబుతుంది," అన్నాడు త్వాయ్ మైకులో.

ఆయన మా ఆయనే. నదితో మాట్లాడటం లేదు, కునుకు తీస్తున్నాడు. ఇరవై మంది ఫొటోలు తీశారు. నేను నోరు మెదపలేదు, కట్టుకున్నవాడి పరువు కదా.

కిమ్ బోంగ్‌లో దిగి వడ్రంగులు పడవ పక్కబద్దలను మంట మీద వంచడం చూశాం. జుయ్ విన్‌లో దిగి చాపలు అల్లడం చూశాం. మా వదిన ఫుంగ్ పుట్టిల్లు అదే, మా అన్న ఆ ఊరి నుంచే చేసుకొచ్చాడు. మళ్లీ పడవెక్కాక ఎండ ఎక్కింది, అందరూ చెరకురసం తాగుతున్నారు. మా ఊరి రేవు కనిపించగానే త్వాయ్ గొంతు సవరించుకున్నాడు.

"అదుగో తాన్ హా. వందల ఏళ్లుగా ఇక్కడ కుమ్మరి విద్య తల్లి చేతి నుంచి కూతురి చేతికి వస్తోంది. ఇప్పుడు మనం వెళ్లే ఇంట్లో ఆ చేతులను మీ కళ్లారా చూస్తారు."

ఆడవాళ్లంతా "ఆహా" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎందుకంటే ఆ ఇంటి కూతురిని నేను. నా చేతికి ఏ విద్యా రాలేదు.

మా ఊళ్లో సారె దగ్గర ఒక్కరు పనిచేయరు. ఇద్దరు ఆడవాళ్లు కావాలి. ఒకరు కింద పీట మీద కూచుని చేతులతో కుండ లేపుతారు. ఇంకొకరు ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో సారె తన్నుతూ, చేతుల్తో మట్టి కడ్డీలు చేసి కింద కూచున్నవాళ్లకు అందిస్తారు. కూచున్న మనిషిదే విద్య, పేరు, ఫొటో. నిలబడ్డ మనిషిది కాలు మాత్రమే. పక్క ఇళ్ల సంగతి నాకనవసరం. మా ఇంట్లో మాత్రం ఆ పీట కోడలికి ఇస్తారు, కూతురికి ఇవ్వరు. కూతురు రేపు ఒకరింటికి పోయేది, నేర్పితే ఇంటి విద్య ఆమె వెంట పోతుందని భయం. కోడలు ఎక్కడికీ పోదు. అందుకని మా అమ్మ, వదిన కాపురానికి వచ్చిన నెలలోనే ఆమెను పీట మీద కూచోబెట్టి, నన్ను నిలబెట్టింది. నేను పెళ్లయి ఏ దేశం పోయానంటే, మా సందులోనే మూడిళ్ల అవతలికి. కట్టుకున్నవాడికి చేప తెలుసు, వల తెలుసు. మట్టి అంటే కాళ్లు కడుక్కోవలసింది అని మాత్రమే తెలుసు. విద్య ఆయన చేతికి పడి ఎక్కడికి పోతుందో మా అమ్మే చెప్పాలి. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పీట కూతురిది కాదు అంటే కాదు.

రోజూ పొద్దున్నే వచ్చి మా అమ్మ ఇంటి సారెనే తన్నుతాను. జుట్టు నెరిసేదాకా తన్నాను.

ఇంటికి చేరేసరికి వదిన మట్టి పిసికి సిద్ధంగా ఉంచింది. అమ్మ వాకిట్లో వెదురు మంచం మీద తమలపాకులు నములుతూ కూచుంది. ఎనభై దాటినా నడుం వంగలేదు. వచ్చినవాళ్లందరికీ తల ఊపింది, నన్ను చూసి "ఆలస్యం" అంది.

చెప్పులు విప్పి సారె దగ్గర నిలబడ్డాను. వదిన కూచుంది. నేను తన్నాను, సారె తిరిగింది. ఊదారంగు టోపీలు చుట్టూ మూగాయి. ఫోన్లన్నీ కిందికి, వదిన చేతుల మీదికి వంగాయి. అన్ని ఫొటోల్లోనూ నేను మోకాలి దగ్గర తెగిపోతానని నాకు తెలుసు. అది అలవాటే. కుండ గోడ మోచేతి ఎత్తు లేచింది, పొట్ట ఉబ్బుతోంది, అప్పుడు, రోజూ మా వాకిట్లో మైకు ఆపేసే త్వాయ్ ఆ రోజు మళ్లీ అందుకున్నాడు.

"చూడండి, తల్లి నుంచి కూతురికి వచ్చిన ఈ చేతులు..."

కాలు ఆపేశాను.

తిరిగే సారెను ఒక్కసారిగా ఆపితే పచ్చి కుండకు దిక్కులేదు. ఒక పక్కకు వాలి, మడత పడి, ముద్దయిపోయింది. వదిన చేతులు అలాగే గాల్లో ఉన్నాయి.

"అబద్ధం," అన్నాను.

త్వాయ్ మైకు దించాడు. "అత్తా, ఏంటిది?"

"ఏంటంటే, ఆమె కూతురు కాదు, కోడలు. మా ఇంట్లో కూతురికి నేర్పరు. రోజూ ఇంతమందికి ఆ మాట చెప్పి, తీసుకొచ్చి నా కాలి ముందు నిలబెడతావా?"

"అది... రాసిచ్చిన మాట అత్తా. అందరిళ్లకీ అదే చెప్తాం."

"లాయీ," అంది అమ్మ మంచం మీంచి. "కాలు కదుపు."

"కదపను."

నా గొంతేనా అది అనిపించింది. అమ్మకు ఆ మాట ఎప్పుడూ చెప్పినదాన్ని కాదు.

ఖ్వే ముందుకొచ్చింది. "ఉండు తల్లీ, నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఈమె కోడలైతే కూతురెవరు?"

"నేను."

"నువ్వు చేయగలవా కుండ?"

చేయగలనని అరుద్దామనుకున్నాను. నోరు పెగిలాక నిజమే వచ్చింది.

"తెలీదు. ఒక్కరోజు కూడా ఆ పీట మీద కూచోలేదు."

ఎంత సిగ్గేసిందో. ఇన్నేళ్ల కోపం ఆ ఒక్క మాటతో చప్పబడిపోయింది. కూచుంటే చేతకాకపోతే? అప్పుడు అమ్మ మాటే సరైనదవుతుంది. బతికినంతకాలం మనసులో మోసిన పోట్లాట కూడా నాకు మిగలదు.

అమ్మ తమలపాకు ఊసి, మర్యాదగా అతిథుల వైపు తిరిగింది. "మా ఇంట్లో ఆడపిల్ల సారె ముందు కూచోదు. మా అత్తగారి నాటి నుంచీ అంతే. మీరు ఏమీ అనుకోకండి. ఫుంగ్, ఆ ముద్ద తీసి పక్కన పెట్టు."

వదిన లేచింది. చేతుల మట్టి తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా నడుం పట్టుకుంది.

"అత్తయ్యా, నా నడుం పట్టేసింది."

"ఇప్పటిదాకా బాగానే ఉందిగా."

"ఇప్పుడే పట్టింది. నిలబడితే పర్లేదు. కూచోలేను."

"అయితే మట్టి తీసేయ్. ఇవాళ్టికి చాలు."

"ఎలా తీస్తాను? సారె ఎక్కిన మట్టి కుండ కాకుండా దిగకూడదని నేనొచ్చిన మొదటి రోజు మీరే కదా చెప్పారు. ఏడాదంతా ఆవంలో కాల్చే కుండలు పగులుతాయని." వదిన ముఖంలో నవ్వు లేదు, కళ్లలో మాత్రం ఉంది. "నేను కూచోలేను. మీకు మోకాళ్లు వంగవు. మట్టి సారె మీదే ఉంది. మీరే చెప్పండి ఎవరు కూచోవాలో."

అమ్మ సారె మీది మట్టి వైపు చూసి, ముఖం పక్కకు తిప్పుకుంది. తన మాటకు తన మాటే అడ్డం నిలబడింది. ఆవం మంటకు భయపడని కుమ్మరి ఉండదు. పక్క వాకిలి నుంచి మా అన్న తొంగి చూసి, సంగతి కనిపెట్టి, చల్లగా తప్పుకున్నాడు.

"మా ఊళ్లో చాప సగం కాగానే ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు," అంది వదిన నాకు మాత్రమే వినపడేలా. "ఈ ఇంట్లో ఎందుకు మార్చుకోరని ఎన్నాళ్లు అడుగుదామనుకున్నానో. భయమేసి అడగలేదు. కూచో, లాయీ."

కూచున్నాను.

పీట వెచ్చగా ఉంది. అన్నీ కొత్త ఎత్తులో ఉన్నాయి. నా కళ్ల ముందు సారె ఉంది, వదిన మోకాలు ఉంది. కూలిన ముద్దను దగ్గరికి చేర్చి నీళ్లు చల్లాను. వదిన తూలకుండా దూలానికి వేలాడే తాడు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, తన్నింది. గేదె తన్నినట్టే తన్నింది. సారె గిర్రున తిరిగి మట్టి నా చేతుల్లోంచి జారింది. ఎలాగో పట్టి గోడ లేపాను, జానెడు లేచింది. అంతలో వదిన కాలు తడబడి సారె మందగించింది. గోడ నా బొటనవేలి దగ్గర చిరిగి, మొత్తం కూలిపోయింది.

వెనక ఎవరో నవ్వారు. ఖ్వే తిరిగి చూడగానే ఆపేశారు.

"చూశారుగా," అంది అమ్మ. ఎగతాళి చేసినట్టు అనలేదు. అలసటగా అంది, అదే ఎక్కువ గుచ్చుకుంది.

మట్టి ఇంకా సారె మీదే ఉంది. దిగనివ్వకూడదు కదా. చేతులు ముద్ద మీద పెట్టి కళ్లు మూసుకున్నాను. తప్పు నా చేతుల్లో లేదు. మట్టి నా చేతులకు తెలుసు, రోజూ కడ్డీలు చేసి అందించింది నేనే. తప్పు కాలిది. అది ఈ వాకిట్లో నాకు తప్ప ఇంకెవరికీ రాని పని. అమ్మకూ రాదు, ఆమె పీట మీద కోడలుగానే మొదలుపెట్టింది.

"వదినా," అన్నాను. "ఎక్కడ చూస్తున్నావ్?"

"మట్టి కేసి. ఇంకెక్కడ చూడాలి?"

"మట్టి చూడకు. నా చేతులు కూడా చూడకు. నా కుడిభుజం చూడు. భుజం లేచిందంటే గోడ పైకి లాగుతున్నానని, కాలు నెమ్మది చెయ్. భుజం కిందికి దిగితే తన్ను. అంతే. ఇంకేమీ ఆలోచించకు."

వదిన తన భుజం తడుముకుంది. "ఇన్నేళ్లూ నువ్వు చూస్తున్నది నా భుజమా?"

"మరి నీ కొప్పు చూస్తాననుకున్నావా?"

"నేను మనసులో అనుకోగానే సారె నెమ్మదించేది. నా చేతి మహిమ అనుకునేదాన్ని."

"సగం నీ చేతిది. ఊరికే మురిసిపోకు, తన్ను."

మిల్లు ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఈసారి నవ్వు వేరు. ఖ్వే టోపీ తీసి చంకలో పెట్టుకుని, "ఫోన్లు దించండే," అంది. "మగ్గం దగ్గర ఇద్దరు పనిచేస్తుంటే మధ్యలో వెలుతురు వేయకూడదని మరిచిపోయారా?"

వదిన తన్నింది. భుజం దించాను, సారె వేగం అందుకుంది. ముద్ద మధ్యకు చేరింది, నా అరచేతుల కింద వణుకు ఆగింది. బొటనవేలు దింపి గుంత చేశాను. భుజం లేపాను. కాలు నెమ్మదించింది. కొంచెం ఆలస్యంగా, కానీ నెమ్మదించింది. గోడ లేచింది. మళ్లీ దించాను, మళ్లీ లేపాను. నాలుగోసారికి ఆమె కాలూ నా భుజమూ ఒకటయ్యాయి. ఒక కడ్డీ అందించింది, లావు సన్నాలుగా, చిన్నపిల్ల చేసినట్టుంది. పరవాలేదు, అతికించాను. గోడ మోచేతి ఎత్తు దాటింది. లోపలి నుంచి నా ఎడమచేయి పొట్టను బయటికి తోస్తుంటే, ఆ గుండ్రదనం నా చేతికి ఎప్పటి నుంచో తెలిసినట్టే ఉంది. పై నుంచి చూసి చూసి కంఠతా వచ్చిన జాడీని ఇప్పుడు లోపలి నుంచి తాకుతున్నాను.

జాడీ మెడ దగ్గరికి వచ్చేసరికి భయమేసింది. అక్కడే కూలతాయి అన్నీ. భుజం మెల్లగా, అతి మెల్లగా లేపాను. పైన వదిన ఊపిరి బిగపట్టడం వినిపించింది. సారె దాదాపు ఆగినంత నెమ్మదిగా తిరిగింది. మెడ లోపలికి వచ్చింది, నిలబడింది. తడిగుడ్డ తీసుకుని అంచు తిప్పాను. కాలు ఆగింది. ఈసారి ఎవరూ కోపంతో ఆపలేదు.

జాడీ నిలబడే ఉంది.

మొదట చప్పట్లు ఎవరు కొట్టారో తెలియదు. తర్వాత వాకిలంతా దద్దరిల్లింది. ఇరవై మంది మిల్లు కార్మికులు చప్పట్లు కొడితే మామూలుగా ఉండదు, సందు చివరి ఇళ్ల నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. వదిన రెండో కాలు నేలకు ఆనించి, తొడ పట్టుకుని, "అమ్మో, ఇలా రోజంతానా? నువ్వు మనిషివా, కొంగవా?" అంది. త్వాయ్ మైకు పట్టుకుని నిలబడ్డాడు, ఒక్క మాట కూడా రాలేదు. వాణ్ణి పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును, అదే మొదటిసారి. చివరికి, "అత్తా, రేపటి నుంచి ఏం చెప్పమంటావ్?" అని అడిగాడు.

"చూసింది చెప్పు. ఇద్దరని చెప్పు."

అప్పుడు మంచం కిర్రుమంది. అమ్మ లేచి వస్తోంది. చప్పట్లు ఆగిపోయాయి, జనం దారి ఇచ్చారు. నేను పీట మీదే ఉన్నాను, లేవాలని తోచలేదు. మోకాళ్లు వంగని మనిషి, వదిన భుజం పట్టుకుని, సారె దాకా వంగింది. జాడీ చుట్టూ చూసింది. లోపలికి చూసింది. గోడ మీద ఎక్కడైనా పలచబడిందేమోనని వేలి వెనక భాగంతో తాకింది.

మా ఇంట్లో చేసిన ప్రతి పెద్ద జాడీకీ అడుగు దగ్గర అమ్మ బొటనవేలి నొక్కు ఉంటుంది. అది ఉంటేనే అది మా ఇంటిది, లేకపోతే మళ్లీ మట్టిలో కలిపేస్తారు. అమ్మ ఆ వేలు తడిపింది. నొక్కింది. గట్టిగా, పూర్తిగా నొక్కింది.

తర్వాత నా వైపు తిరిగింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"మూతి మందంగా వచ్చింది. రేపు పలచగా లాగు."

రేపు. మా అమ్మ రేపు అంది.

అవతల ఖ్వే ముక్కు చీదుకుంటూ, "ఏమంది, ఏమంది? నాకు మీ యాస అర్థం కాదు," అని త్వాయ్‌ని పొడుస్తోంది. నాకు గుండె నిండిపోయింది. దుఃఖమూ సంతోషమూ కలిసి కళ్లలోకి వచ్చాయి. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ మట్టి. అందుకని అంతమంది ముందూ కారేవాటిని కారనిచ్చి, దారంతో కోసి జాడీని దింపి, ఖాళీ సారె మీద అరచేత్తో చరిచాను.

"ఇంకో ముద్ద అందించు వదినా," అన్నాను. "రేపటిదాకా ఎవరాగుతారు?"